పక్క రైతు సంతకం పెట్టనంటే బోరుకు కరెంటు రాదా?

మీరు అడిగింది ఇదీ: నల్గొండ జిల్లాలో మీ నాన్నగారి పేర రెండెకరాల చెలక ఉంది. బోరు వేశారు, నీళ్ళు పడ్డాయి, డీడీ కట్టారు. లైను మీ బోరు దాకా రావాలంటే పక్క రైతు చేను దాటాలి. ఆయన ససేమిరా అంటున్నాడు. ఆఫీసులోనేమో ‘ఆయన సంతకం తెండి, పోళ్ళు వేస్తాం’ అంటున్నారు. సంతకం దొరక్కపోతే కనెక్షన్ రానట్టేనా అని మీ ప్రశ్న.

రానట్టు కాదు. పక్క రైతు ఒప్పుకోకపోయినా చట్టంలో దారి ఉంది. ఆ దారిలో నడవాల్సింది కరెంటు సంస్థ, మీరు కాదు. కానీ ఆ దారికి నెలలు పడుతుంది. ఈలోపు మీ పంట ఎండుతుంది. అందుకే ముందు ఆయనతో కలిసి ఒకసారి చేనులో నడవండి, కాగితం సంగతి ఆ తర్వాత చూద్దాం. ఎందుకో చెబుతాను.

నేను జూనియర్ లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. నౌకరీ అంతా దేవరకొండ, మల్లేపల్లి, చిట్యాల వైపే. వ్యవసాయ కనెక్షన్లకు పోళ్ళు పాతిన చోటల్లా ఇదే పంచాయితీ. పైసలు, సామాన్ల కన్నా పక్కోళ్ళ అభ్యంతరంతో ఆగిన పనులే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

పక్క రైతు ‘వద్దు’ అన్నప్పుడు ఏది వద్దంటున్నాడో చాలామంది అడగరు. దేవరకొండ దగ్గర ఓ ముసలాయన ఎనిమిది నెలలు మా పని ఆపాడు. సర్పంచి చెప్పినా, కులపెద్దలు చెప్పినా వినలేదు. చివరికి ఓ పొద్దున ఆయన చెలకకే పోయి, ఒడ్డు మీద కూర్చుని, ‘పెద్దయ్యా, పోలు ఏడ పాతితె నీకు అడ్డం?’ అని అడిగాను. ఆయన లేచి, చేతికర్రతో నేల మీద గీత గీశాడు. ‘పోలుతోని నాకేం లొల్లి లేదు బిడ్డా. ఈ తాడు కడ్తరు గద, గీడ దిగుతది. ట్రాక్టరు ఎట్ల తిప్పాలె నేను?’

ఆయన తాడు అన్నది స్టే వైరు. పోలు తలకాయ నుంచి ఏటవాలుగా దిగి, కొన్ని అడుగుల అవతల భూమిలోకి పోయే కమ్మీ అది. పోలు ఆక్రమించేది జానెడు జాగా. స్టే వైరుకూ పోలుకూ మధ్య మాత్రం ముక్కోణం ఆకారంలో దున్నకుండా పడి ఉంటుంది. కల్టివేటరు తగులుతుంది, వరికోత మిషన్ మలగదు, రాత్రిపూట కనబడక ఎడ్లు తట్టుకుంటాయి. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరూ ఆయనతో స్టే వైరు మాట ఎత్తలేదు. అందరూ ‘ఒక్క పోలే కదా’ అన్నారు.

స్టే వైరు అన్ని పోళ్ళకూ ఉండదు. లైను మలుపు తిరిగే చోట, ఆఖరి పోలు దగ్గర తప్పనిసరి. తిన్నగా పోయే లైనులో మధ్య పోళ్ళకు మామూలుగా అక్కర్లేదు. కాబట్టి మలుపు ఎక్కడ పడాలో ముందే చూసుకుంటే సగం గొడవ పోతుంది. ఆ ముసలాయన విషయంలో మేం మలుపును పక్కనున్న బండ్లబాట మూలకు జరిపాం. ఒక పోలు ఎక్కువ పడింది. ఆయన చెలకలో ఒడ్డు వెంట తిన్నగా రెండే పోళ్ళు, స్టే లేకుండా. మధ్యాహ్నానికి ఆయనే మా కూలీలకు మజ్జిగ పంపించాడు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది: సంతకం కన్నా ముందు మేకు. ఏఈ (సెక్షన్ ఆఫీసు ఇంజనీరు) గారో, లైన్‌మనో సర్వేకు వచ్చిన రోజు పక్క రైతును కూడా పిలవండి. టేపు పట్టించండి. పోలు పడే ప్రతిచోటా కట్టె మేకు కొట్టి, స్టే దిగే చోట ఇంకో మేకు కొట్టి, ‘ఇదీ, ఇక్కడ’ అని చూపించండి. గుంత ఎక్కడో చూపించకుండా కాగితం ముందు పెడితే ఏ రైతుకైనా తన చేను నడిమధ్య పోలు కనబడుతుంది. ఎనిమిది మీటర్ల సిమెంటు పోలులో మీటరున్నర దాకా భూమిలోకి పోతుంది. ఒకసారి పాతాక ‘కొంచెం జరపండి’ అంటే జరిగేది కాదు, మళ్ళీ ఎస్టిమేటు, మళ్ళీ పైసలు.

పక్క రైతు ఎందుకు ఒప్పుకోవాలన్నది కూడా ఆలోచించండి. మీ బోరు పారితే ఆయనకేం ఒరుగుతుంది? ఇక్కడే నాకు ఎక్కువసార్లు పనికొచ్చిన కిటుకు ఉంది. ఆయనకూ బోరు ఉందా, అది ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది, ఎన్ని మోటార్లు దాని మీద ఉన్నాయి, కనుక్కోండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం దూరం గుంజిన ఎల్‌టీ లైను (మోటార్లకు పోయే తక్కువ వోల్టేజీ లైను) చివర వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు కాలిపోతాయి. రివైండింగు షాపుకు ఏటా పైసలు పోసే రైతుకు ఆ బాధ మీరు చెప్పక్కర్లేదు. మీకు 11 కేవీ లైను లాగి, బోర్ల దగ్గర చిన్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేటట్టు ఎస్టిమేటు ఉంటే, ఆయన మోటారును కూడా దాని మీదికి మార్చమని ఇద్దరూ కలిసి దరఖాస్తు ఇవ్వచ్చు. అప్పుడు ఆ లైను మీ ఒక్కరిది కాదు. మల్లేపల్లి వైపు రెండేళ్ళు మాటల్లేని ఇద్దరు పాలోళ్ళు (దాయాదులు) ఇలా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళకు ఇప్పటికీ మాటల్లేవు, అది వేరే సంగతి.

ఇంకో భయం ఉంటుంది. ‘పోలు పాతనిస్తే ఆ జాగా కరెంటోళ్ళదైపోతుంది’ అని. కాదు. పోలు నిలబడ్డంత మాత్రాన భూమి హక్కు మారదు, పాస్‌బుక్కులో గుంట కూడా తగ్గదు. ఈ మాట ఆయనకు మీరు చెబితే నమ్మడు. సెక్షన్ ఆఫీసు మనిషితో చెప్పించండి.

అయితే ఆయన భయాల్లో నిజమైనదీ ఒకటుంది, దాన్ని దాచొద్దు. 11 కేవీ తీగ కింద, పక్కన ఇల్లు కట్టుకోవడానికి ఎడం వదలాలి. అడ్డంగా 1.2 మీటర్లు, ఇంటి పైన నిలువుగా 3.7 మీటర్లు ఖాళీ ఉండాలని నియమం. ఎల్‌టీ తీగకైతే నిలువుగా 2.5 మీటర్లు చాలు. చెలక చెలకగా ఉన్నంతకాలం ఇది పెద్ద ఇబ్బంది కాదు. చిట్యాల, నార్కట్‌పల్లి వైపు 65వ నంబరు హైవే వెంట, అటు జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే వెంట చేన్లన్నీ ప్లాట్లవుతున్నాయి. అక్కడ రైతు ‘నా భూమి నడుమ నుంచి లైను వద్దు’ అంటే ఆయనది మొండితనం అనుకోవద్దు. ఒడ్డు వెంట, హద్దు వెంట తీసుకుపొమ్మని అడగడం ఆయన హక్కు. జడ్చర్ల దగ్గర మా బావమరిదే ఇలా అడ్డం చెప్పాడు. నేను కరెంటు మనిషినై ఉండి కూడా ఆయన వైపే మాట్లాడాను.

బత్తాయి తోటలున్న చోట ఇంకో చిక్కు. చెట్టు తీగకు తగలకుండా ఏటా కొమ్మలు కొడతారు. కాపు మీదున్న కొమ్మను కొడితే ఏ రైతుకు మండదు? తోట లోపలి నుంచి కాకుండా బయటి వరుస అవతల నుంచి తీసుకుపోవాలని మొదటి రోజే మాట్లాడుకోండి. తాటిచెట్లున్నా అంతే. ఆ చెట్టు రైతుదే అయినా కల్లు గీసేవాళ్ళకూ చెప్పకుండా కొట్టడం మంచిది కాదు.

ఇక కాగితం. తెల్లకాగితం చాలు. మన ఊళ్ళలో 100 రూపాయల బాండు మీద రాస్తే జనానికి నమ్మకం కుదురుతుంది కాబట్టి రాసుకోండి, తప్పు లేదు. అందులో ఉండాల్సినవి: ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఎన్ని పోళ్ళు, ఎన్ని స్టేలు, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఆయన భూమిలో ఉందా లేదా, ఒడ్డు నుంచి ఎంత దూరం, పని ఎప్పుడు చేస్తారు. ‘యాసంగి కోతలయ్యాకే గుంతలు తీస్తాం, పంటకు నష్టమైతే ఇంత ఇస్తాం’ అని రాస్తే సగం మంది మెత్తబడతారు. వెనక చేత్తో గీసిన పటం, మేకుల దగ్గర ఇద్దరూ నిలబడి దిగిన ఫొటో జత చేయండి. ‘నా భూమి గుండా లైను వేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు’ అని ఒక్క ముక్క రాయించుకుంటే అది ఏ లైనో, ఎటు నుంచో రేపు ఎవరికీ తెలియదు.

సంతకం ఎవరు పెడతామన్నారన్న దాని కన్నా, ఎవరి సంతకం కావాలన్నది ముఖ్యం. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక ఊళ్ళో పెద్దన్న సంతకం పెట్టాడు, మేం మూడు పోళ్ళు పాతాం. తెల్లారి తమ్ముడు గడ్డపార పట్టుకుని వచ్చాడు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆ ఒడ్డు పక్క ముక్క తమ్ముడికి పోయింది. ఊరంతటికీ తెలుసు, నాకే తెలియదు, నేను అడగలేదు. మూడు పోళ్ళూ పీకి మళ్ళీ పాతాం. మా సార్ల దగ్గర చీవాట్లు సరే, ఆ రైతు నాట్లు పదిహేను రోజులు వెనకబడ్డాయి. కాబట్టి పాస్‌బుక్కులో సర్వే నంబరు, బై నంబరు చూడండి. నక్షలో ఆ ముక్క ఎటుందో చూడండి. పంపకాలు నోటిమాటగా జరిగి కాగితం మీద ఇంకా తండ్రి పేరే ఉంటే అన్నదమ్ములందరి సంతకాలూ తీసుకోండి. సాదాబైనామా కింద (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని) కొన్న భూమి అయితే పాస్‌బుక్కులో పాత పట్టాదారు పేరే ఉండొచ్చు, సాగు చేసేది ఇంకొకరు. అక్కడ ఇద్దరినీ అడగాల్సిందే.

భూమి యజమాని ఊళ్ళో లేకపోవడం పాలమూరు వైపు మామూలే. బతకపోయి ముంబైలోనో, పుణెలోనో ఉంటారు. లైన్లు వేసే నియమంలో (దాని సంగతి కింద చెబుతాను) ‘యజమాని లేదా అనుభవదారు’ అని ఉంది కాబట్టి సాగు చేస్తున్న కౌలుదారు సమ్మతి కూడా లెక్కే. కానీ నా మాట వినండి, యజమానికి ఫోన్ చేసి, మేకుల ఫొటోలు వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అని ఆయన చేత ఒక మెసేజ్ పెట్టించుకోండి. పండక్కి ఊరికి వచ్చి పోలు చూసి కేసు పెట్టినవాళ్ళు ఉన్నారు.

ఇంత చేసినా ఆయన ఒప్పుకోడు అనుకుందాం. అప్పుడు చట్టం. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అడిగినవాళ్ళకు కరెంటు ఇవ్వాల్సిన బాధ్యత సరఫరా సంస్థది. మన దగ్గర అది దక్షిణ డిస్కమ్, ఇప్పుడు టీజీఎస్‌పీడీసీఎల్ అంటున్నాం. లైను వేయడం వాళ్ళ పని. అవతలివాళ్ళ భూమిలో లైను వేయాలంటే ఏం చేయాలన్నది 2006లో కేంద్రం ఇచ్చిన వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్ రూల్స్‌లో ఉంది. 3వ నియమం చెప్పేది ఇదీ: ముందు యజమాని లేదా అనుభవదారు సమ్మతి తీసుకోవాలి. అభ్యంతరం చెబితే సంస్థే జిల్లా మేజిస్ట్రేటు దగ్గరో, పోలీసు కమిషనరు దగ్గరో, ప్రభుత్వం అధికారమిచ్చిన మరో అధికారి దగ్గరో రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. మన జిల్లాల్లో జిల్లా మేజిస్ట్రేటు అంటే కలెక్టరే. పని వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలని చట్టంలోని 67వ సెక్షన్ చెబుతుంది. ఆ 3వ నియమంలోనే పక్క రైతుకూ ఒక రక్షణ ఉంది. లైను వేశాక కూడా తగిన కారణం చూపిస్తే దాన్ని తీయమనో, మార్చమనో ఆ అధికారే ఆదేశించవచ్చు.

మరి ఆఫీసులో ‘సంతకం మీరే తెండి’ అని ఎందుకంటారు? కలెక్టరు దాకా ఫైలు నడపడం కన్నా మిమ్మల్ని పక్క రైతు ఇంటికి పంపడం తేలిక కాబట్టి. నేనూ అలాగే పంపేవాణ్ణి, అబద్ధం ఎందుకు? ఒక సెక్షన్ ఆఫీసు కింద ఎన్నో ఊళ్ళు, చేతికింద నలుగురైదుగురు మనుషులు. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది.

అందుకని రాసివ్వండి. ‘ఫలానా సర్వే నంబరు రైతు అభ్యంతరం చెబుతున్నాడు. వేరే మార్గం ఉందేమో సర్వే చేయండి. లేకపోతే 2006 నియమాల ప్రకారం అనుమతికి మీరు రాయండి’ అని ఏఈకి దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, తేదీ, ముద్ర తీసుకోండి. ఆ ఒక్క కాగితంతో మీ ఫైలు బరువెక్కుతుంది. ఏఈ దగ్గర కదలకపోతే ఆయన పై అధికారి ఏడీఈ, ఆ పైన డీఈ. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇస్తే మళ్ళీ కరెంటు ఆఫీసుకే వస్తుంది గానీ ఈసారి జవాబు చెప్పాల్సిన కాగితంగా వస్తుంది. అప్పటికీ కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్. వేదికకు లాయరు అక్కర్లేదు. మీ డీడీ రసీదు, ఆ ముద్ర ఉన్న కాపీ పట్టుకుపోండి.

విద్యుత్ చట్టంలో 164వ సెక్షన్ ఉంది, ఎవరినీ అడగక్కర్లేదు అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిచ్చి పెద్ద టవర్ లైన్లకు వాడే సెక్షన్ అది. మీ బోరుకు పడే నాలుగు పోళ్ళ కోసం దాన్ని ఎవరూ బయటికి తీయరు.

వేరే మార్గం అన్నాను కదా, అది నిజంగా చూడండి. చాలాసార్లు బండ్లబాట వెంట, ప్రభుత్వ డొంక వెంట తిప్పితే ఏ రైతు సంతకమూ అక్కర్లేకుండా పని అయిపోతుంది. రెండు మూడు పోళ్ళు పెరుగుతాయి. ఎస్టిమేటులో డిపార్ట్‌మెంటు భరించేది పోను మిగిలింది మీ మీద పడవచ్చు, కాబట్టి ఎస్టిమేటు కాపీ అడిగి లెక్క చూసుకోండి. ఆ ఖర్చునూ, ఒక పంటకాలం పోగొట్టుకునే ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఉద్దేశంలో పోళ్ళే చవక. బాట పంచాయతీదైతే పంచాయతీకి, కాల్వ గట్టైతే ఇరిగేషన్ వాళ్ళకు, ఆర్ అండ్ బీ రోడ్డు దాటితే వాళ్ళకు డిపార్ట్‌మెంటు నుంచి లెటరు పోవాలి. చందంపేట, అమ్రాబాద్ వైపు అడవి భూమి అడ్డం పడితే కథ వేరు. అక్కడ పక్క రైతు సంతకం ఎందుకూ పనికిరాదు, ఫారెస్టు వాళ్ళ అనుమతే కావాలి. తండాకు లైను లాంటి ఊరుమ్మడి పనికి 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ సిఫారసుతో హెక్టారు లోపు భూమి ఇచ్చే వీలుంది. ఒక్కరి బోరుకు దాన్ని వాడుకోవచ్చని ఆశపడకండి.

రెండు పనులు మాత్రం చేయొద్దు. ఒకటి, రాత్రికి రాత్రి ప్రైవేటు మనుషులను పెట్టి పోళ్ళు పాతించడం. ఒక ఊళ్ళో అలా పాతిన పోలును అవతలి రైతు ట్రాక్టరుకు గొలుసు కట్టి గుంజేశాడు. తీగల్లో కరెంటు లేదు కాబట్టి బతికాడు. తర్వాత ఇద్దరి మీదా కేసు.

రెండోది ఇంకా చెడ్డది. లైను వచ్చేదాకా అని పక్క మోటారు నుంచి సర్వీసు వైరు గుంజి, కట్టెల మీద, కంపచెట్ల మీద వేసుకోవడం. వానాకాలం వైరుకు ఎక్కడో ఒక చోట తోలు లేస్తుంది, తడి నేల మీద పడుతుంది. పొద్దున్నే మోటారు వేయడానికి పోయిన మనిషి తిరిగి రాడు. నా నౌకరీలో అలాంటి చోట్లకు పోయిన రోజులు ఉన్నాయి. లెక్క చెప్పబుద్ధి కావడం లేదు. నీళ్ళు తప్పనిసరి అయితే పక్క రైతు బోరు నీళ్ళే పైపుతో కొనుక్కోండి, కరెంటు తెచ్చుకోకండి.

ఇంటి మీటరు సంగతి అడిగినవాళ్ళకు కూడా ఒక ముక్క. కిరాయి ఇంటికి యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇవ్వకపోతే మీటరు ఇవ్వరా అంటే, 2022లో సుప్రీంకోర్టు దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో దాని మీద తేల్చి చెప్పింది. దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలి, యజమాని ఎన్‌ఓసీ లేదని కరెంటు నిరాకరించకూడదు అని. అది ఇంటిలోపలి హక్కు. తీగ పక్కోళ్ళ జాగా దాటి రావాల్సి వస్తే మళ్ళీ పైన చెప్పిన కథే.

ఇక మీ విషయానికి వస్తే, ప్రశ్నలో రెండు సంగతులు రాయలేదు మీరు. ట్రాన్స్‌ఫార్మర్ మీ చెలకకు ఏ దిక్కున ఉంది? పక్క రైతుకు బోరు ఉందా, ఉంటే మోటారు ఎన్నిసార్లు కాలింది? నాలుగు హద్దులూ, బాటా గీసి కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి తమ్ముడూ. స్టే వైరు ఎక్కడ దిగుతుందో నేను చెబుతాను. అది పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి, ఆయన చేను దగ్గర ఉన్నప్పుడు. ఇంటికి మాత్రం వెళ్ళకండి. ఇంట్లో నలుగురి ముందు ఒకసారి ‘వద్దు’ అన్న మనిషి మళ్ళీ ‘సరే’ అనలేడు.